అరవై పాళ్ళలో ఒక పాలు: మాంసపు కుండలో పాలచుక్క పడినప్పుడు

రెసిడెన్సీ రెండవ సంవత్సరంలో, న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో, ఎనభై దాటిన యూదు పెద్దాయన ఒకరు నా రోగిగా ఉండేవారు. రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. మూడవనాడు ఆయన కొడుకు ఇంటినుంచి ఫ్లాస్కులో కోడి సూప్ తెచ్చి గిన్నెలో పోశాడు. పెద్దాయన చెంచా అందుకున్నాడు. అప్పుడే నేను పక్క మంచం రోగి కాఫీ ట్రేను జరపబోయి, అందులో మూత తీసి ఉన్న చిన్న పాలడబ్బాను ఒలకబోశాను. నాలుగైదు చుక్కలు సూప్‌లో పడ్డాయి. ముగ్గురం మాటలేకుండా ఉండిపోయాము. కొడుకు బయటకు వెళ్ళి తమ రబ్బీకి ఫోన్ చేశాడు. అవతలినుంచి వచ్చిన ప్రశ్నలను అతను నాకు వినిపించేలా తిరిగి అడిగాడు. సూప్ వండిన పాత్రలోనే ఉందా, గిన్నెలోకి పోసినదా? ఇంకా వేడిగా ఉందా? ఎంత ఉంది? ఎన్ని చుక్కలు? పోసినవాడు కావాలని పోశాడా? చివరి ప్రశ్నకు నేనే జవాబు చెప్పాను. రబ్బీ తాగవచ్చన్నాడు. కొడుకు ఇంకా తటపటాయిస్తుంటే, మీ నాన్న చేత తాగించు అని రెండవసారి గట్టిగా చెప్పాడట.

నేను తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి, మా నాయనమ్మ మడి వంటింటి గుమ్మం దగ్గర పెరిగినవాణ్ణి. ఆ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే పారబోయడం తప్ప రెండో మాట ఉండేది కాదు. ఎన్ని చుక్కలని ఎవరూ అడిగేవారు కాదు. అందువల్ల ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం చాలాకాలం నిలిచిపోయింది. అయితే ఆ ఆశ్చర్యానికి నేను తొడిగిన అర్థం తప్పు. తెలుగువాళ్ళ సమావేశాలలో, భోజనాల దగ్గర, ఈ కథను ప్రాచీనుల విజ్ఞానానికి ఉదాహరణగా చెబుతూ వచ్చాను: యూదులు రెండువేల ఏళ్ళ క్రితమే కల్తీకి ఒక పరిమితి కనిపెట్టారు, అరవైలో ఒక వంతు దాటకపోతే హాని లేదని తేల్చారు, మన ఆహారభద్రతా నిబంధనలకు ఇదే తాత అని. మిత్రులు తల ఊపేవారు. ఆ మాట ఎంత ప్రమాదకరమో తరువాత తెలిసింది. అది చెప్పే ముందు మూలగ్రంథాల దగ్గరకు వెళ్ళాలి.

మేకపిల్లను దాని తల్లి పాలలో వండకూడదన్న ఆజ్ఞ తోరాలో మూడుచోట్ల వస్తుంది: నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి. ఈ వాక్యం తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. తెలుగు బైబిల్ చదివే ఇళ్ళు మనకు ఎన్నో ఉన్నాయి. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, 1991లో సినగాగ్ ఏర్పరచుకుని తమను బెనె ఎఫ్రాయిమ్ యూదులుగా చెప్పుకునే తెలుగు సమాజం కూడా ఉంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వారి మీద ఒక పుస్తకమే ప్రచురించారు. వాక్యం తెలిసిన చోటల్లా మొదట పుట్టే ప్రశ్న ఒకటే: ఎందుకు?

ఈ ‘ఎందుకు’కు జవాబులు చాలా వచ్చాయి. అలెగ్జాండ్రియా నగరపు ఫిలో, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, దీన్ని కరుణగా చదివాడు: బిడ్డను పెంచిన పదార్థమే బిడ్డను వండే పదార్థం కావడం దారుణమన్నాడు. అంతటితో ఆగక, పాలలో మాంసం వండుకోవాలనే కోరిక ఉన్నవాడు వేరే పశువు పాలు వాడుకోవచ్చుకదా అన్నాడు. అంటే ఆయన దృష్టిలో నిషేధం తల్లికీ బిడ్డకూ మధ్యనే. రబ్బీల దారి వేరు. వాక్యం మూడుసార్లు ఎందుకు వచ్చిందని అడిగి, ఒకటి వండడానికి, ఒకటి తినడానికి, ఒకటి ఏ విధమైన లాభమూ పొందకపోవడానికి అని పంచారు. మేకపిల్ల పశుమాంసానికంతటికీ గుర్తు అయింది. తల్లిపాలు పాలన్నిటికీ గుర్తు అయ్యాయి. కోడికి పాలివ్వని తల్లి కదా అని గలిలయకు చెందిన రబ్బీ యోసే అడిగాడు. ఆయన ఊళ్ళో కోడిమాంసాన్ని పాలతో తినేవారని తాల్ముద్ దాచకుండా చెబుతుంది. చివరకు కోడి కూడా నిషేధంలో చేరింది, కాని తోరా ఆజ్ఞగా కాదు, పండితుల కట్టుబాటుగా. మా పెద్దాయన సూప్ ఈ రెండవ తరగతిది. రబ్బీ గొంతులో తొందర లేకపోవడానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు.

పన్నెండవ శతాబ్దంలో మైమొనిడీస్ మరో జవాబిచ్చాడు. ఆయన స్మృతికర్త, ఈజిప్టు పాలకుల ఆస్థానవైద్యుడు కూడా. తన తాత్త్విక గ్రంథం మూడవ భాగంలో, పాలలో ఉడికిన మాంసం నిస్సందేహంగా బరువైన ఆహారమని, పొట్టను నింపేస్తుందని ఒక వైద్యుడి మాట చెప్పి, ఆ వెంటనే విగ్రహారాధకుల పండుగల్లో ఇలాంటి వంట ఉండేదేమోనని, అయితే తాను చదివిన పుస్తకాలలో అది కనబడలేదని ఒప్పుకున్నాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ ఊహకు ఆధారం దొరికిందని కొందరు సంబరపడ్డారు. సిరియా తీరంలోని ఉగరిత్ శిథిలాలలో దొరికిన ఒక మట్టిఫలకాన్ని 1933లో ప్రచురించినప్పుడు, అందులో మేకపిల్లను పాలలో వండే క్రతువు ఉందని చదివారు. ఆ పంక్తిలో అక్షరాలు చెదిరిపోయి ఉన్నాయి. చెరిగినచోట పండితులు పూరించినది బైబిల్ నుంచి తెచ్చినదే. తరువాత వచ్చినవాళ్ళు ఫలకాన్ని తిరిగి పరీక్షించి ఆ పాఠాన్ని వదిలేశారు.

మేరీ డగ్లస్ 1966 నాటి ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ పుస్తకం ద్వారా ఈ చర్చను మార్చివేసింది. నిషేధాలు ఆరోగ్యసూత్రాలు కావు, లోకాన్ని వర్గాలుగా విడదీసే పద్ధతి అనీ, వర్గాలకు లొంగనిదే అశుచి అనీ ఆమె వాదం. మన మడి-మైలల గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఈ పుస్తకాన్ని తలవకుండా ఉండలేరు. లేవీయకాండం గురించి తాను పొరపడ్డానని 2002 నాటి ముందుమాటలో ఆమే రాసుకుంది. ఆ నిజాయితీకి నమస్కరిస్తాను. కాని నా అసంతృప్తి వేరు. ఫిలో నుంచి డగ్లస్ వరకు అందరూ గీత ఎందుకు గీశారని అడిగారు. గీత దాటి చుక్క పడిన తరువాత ఏం చేయాలని అడిగినవారు స్మృతికారులు మాత్రమే. ఈ సాహిత్యంలో బుద్ధి అంతా అక్కడే పనిచేసింది.

మిష్నాలో హులీన్ అనే ప్రకరణం ఎనిమిదవ అధ్యాయంలో ఈ సమస్య రెండు చిన్న వాక్యాలలో ఉంది. పాలచుక్క మాంసపు ముక్క మీద పడితే, ఆ ముక్కకు పాలరుచి ఇచ్చేంత ఉందా అని చూడాలి. కుండను కలియబెట్టి ఉంటే, కుండ మొత్తానికి రుచి ఇచ్చేంత ఉందా అని చూడాలి. ఇందులో మైల అనే మాట లేదు, తాకిడి అనే మాట లేదు. కొలబద్ద రుచి. మా నాయనమ్మ అంటుకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే. అంటుకు పరిమాణం లేదు, తాకితే అంటినట్టే. అయినా ఒక పోలిక ఉంది: బియ్యానికి లేని అంటు అన్నానికి ఉన్నట్టే, అక్కడా వేడి ముఖ్యం. చల్లని మాంసం, చల్లని జున్ను ఒకదానికొకటి తగిలితే, తగిలినచోట కడుక్కుంటే చాలు. వేడి ఉంటేనే ఒకదాని రుచి మరొకదానిలోకి దిగుతుంది.

రుచి కొలబద్ద అయితే వెంటనే ఒక చిక్కు వస్తుంది. రుచి చూడాల్సినదెవరు? నిషిద్ధమైతే యూదుడు నోట పెట్టకూడదు; నోట పెట్టనిదే నిషిద్ధమో కాదో తెలియదు. తాల్ముద్ పండితుడు రవా తనకు ఇది చాలాకాలం కొరుకుడు పడలేదని ఒప్పుకున్నాడు. యోహానాన్ చెప్పిన ఉపాయం విన్నాక ముడి విడిపోయింది: యూదుడు కాని వంటవాడి చేత రుచి చూపించాలి. నాకు ఈ ఘట్టం ఎంతో ఇష్టం. తన మతానికి సంబంధించిన తీర్పులో, ఆ మతం లేని మనిషి నాలుకను సాక్ష్యంగా తీసుకుంటుందీ శాస్త్రం. అతని విశ్వాసంతో పనిలేదు, వృత్తినైపుణ్యంతోనే పని.

వంటవాడు దొరకకపోతే? లేదా రుచి తేడా తెలియని ఒకే జాతి పదార్థాలు కలిస్తే? అప్పుడు అరవై. పడినదానికి అరవై రెట్లు ఉంటే రుచి అడుగంటినట్టు లెక్క. ఈ అంకె ఎక్కడిదో చూస్తే నా ‘ప్రాచీన విజ్ఞానం’ కథ కుప్పకూలుతుంది. సంఖ్యాకాండంలో నాజీరు వ్రతం ముగించినవాడు పొట్టేలును ఉడికిస్తాడు. దాని ముందుకాలి జబ్బ యాజకుడిది, ఇతరులకు నిషిద్ధం. మిగిలిన మాంసం అతను తినవచ్చు. రెండూ ఒకే కుండలో ఉడుకుతాయి. జబ్బ రుచి మిగతా మాంసంలోకి దిగదా? దిగినా తినవచ్చని తోరా అన్నది కనుక, జబ్బకూ మిగతా పొట్టేలుకూ ఉన్న నిష్పత్తే పరిమితి. ఎముకలతో కలిపి తూచినవారికి అరవై వచ్చింది. మాంసాన్ని మాత్రమే తూచినవారికి వంద వచ్చింది. ఇందులో ప్రయోగశాల లేదు. ఒకే పొట్టేలు, రెండు అంకెలు. ఆధారం శ్రుతివాక్యం, దానికి తోడు కసాయి అనుభవం.

నేను చెబుతూ వచ్చిన కథ ఒక ఇంట్లో పనిచేసింది. పాల ఎలర్జీ ఉన్న పిల్లవాడి తల్లి, మా తెలుగువాళ్ళే, అంగడిలో ఏది కొనాలో తెలియక ఒక విందులో నన్ను అడిగింది. ‘పారెవె’ అని ముద్ర ఉంటే పాలూ మాంసమూ రెండూ లేవని అర్థం, కళ్ళు మూసుకుని కొనమ్మా అన్నాను. ఒక మిఠాయి తిన్న గంటలో పిల్లవాడి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. అదృష్టవశాత్తు అంతటితో ఆగింది. తరువాత చదివితే, పారెవె ముద్ర నమ్మి తిన్న పాల ఎలర్జీ పిల్లలకు తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చిన సంగతి 1990ల ఆరంభంలోనే వైద్యపత్రికలలో ఉంది. కోషర్ ముద్ర ఎలర్జీకి హామీ కాదని పర్యవేక్షక సంస్థలే చెబుతాయి. తప్పు స్మృతిది కాదు, నాది.

లెక్క చూడండి. 240 మిల్లీలీటర్ల సూప్‌లో 4 మిల్లీలీటర్ల పాలు పడితే సరిగ్గా అరవై రెట్లు. ఆ నాలుగు మిల్లీలీటర్లలో సుమారు 130 మిల్లీగ్రాముల పాలప్రోటీన్ ఉంటుంది. ఎలర్జీ తీవ్రంగా ఉన్నవారికి కొద్ది మిల్లీగ్రాములే చాలు. గోధుమ గ్లూటెన్ విషయంలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో విధించిన హద్దు పది లక్షలలో 20 భాగాల కన్నా తక్కువ. అరవై రెట్ల మిశ్రమంలో పడిన పదార్థం పది లక్షలలో 16,000 భాగాలకు పైమాట. నాలుకకు తెలియనిది రోగనిరోధక వ్యవస్థకు తెలుస్తుంది. స్మృతి నాలుకను అడిగింది, రక్తాన్ని కాదు. ఆ ప్రశ్నను ఆరోగ్యసూత్రంగా మార్చింది మాలాంటి వైద్యులమే. ఆ దారిలో ముందు నడిచినవాడు మైమొనిడీస్. ఒక న్యాయం మాత్రం ఆయనకు చేయాలి: బరువైన ఆహారమన్న మాటను తాత్త్విక గ్రంథంలో ఉంచాడు కాని, తన స్మృతిగ్రంథంలో మిశ్రమాలను తీర్పు చెప్పేచోట దానికి చోటివ్వలేదు.

పదహారవ శతాబ్దంలో సఫేద్ నగరంలో యోసెఫ్ కారో రాసిన ‘షుల్హన్ అరూఖ్’ 1565లో వెనిస్‌లో అచ్చయింది. పేరుకు అర్థం సిద్ధం చేసిన భోజనపు బల్ల. వడ్డించిన విస్తరి అని నేను అనువదించుకుంటాను. క్రాకో నగరపు మోషే ఇస్సర్లెస్ దానికి ‘బల్లగుడ్డ’ అని పేరుపెట్టి తన ప్రాంతపు ఆచారాలను చేర్చాడు. అప్పటినుంచి ఒకే పేరాలో ఇద్దరి గొంతులు వినబడతాయి. కారో వాక్యం ఒకటి, వెంటనే చిన్న వేరే అక్షరాలలో ఇస్సర్లెస్ సవరణ. ఒకరినొకరు చెరిపేసుకోరు. వచనం అతి పొడి. పాత్రలు లేవు, పేర్లు లేవు. ఉన్నదల్లా ఒక కుండ, ఒక చుక్క, ఒక గరిటె. అయినా చదువుతుంటే వంటింటి సందడి వినబడుతుంది.

తొంభై రెండవ ప్రకరణంలోని ఈ చిక్కు చూడండి. ఒక మిల్లీలీటరు పాలు, కుండలో రసం పైకి తేలిన యాభై మిల్లీలీటర్ల మాంసపు ముక్క మీద పడ్డాయి. కుండలో మొత్తం రెండు లీటర్లున్నాయి. పడిన తక్షణం కలియబెడితే పాలకు రెండువేల రెట్లు, అంతా తినవచ్చు. కలియబెట్టకపోతే పాలు ఆ ముక్కలోనే దిగాయి. ముక్క పాలకు యాభై రెట్లే, అరవై లేదు. కనుక ముక్క నిషిద్ధమైంది. ఇప్పుడు ఆలస్యంగా కలియబెడితే, లెక్క పాలచుక్కతో కాదు, ముక్క మొత్తంతో. ముక్కే చచ్చిన పశువు మాంసంతో సమానమైపోయిందంటారు. దానికి అరవై రెట్లంటే మూడు లీటర్లు దాటాలి. కుండలో రెండే ఉన్నాయి. కుండంతా పోయింది. అదే చుక్క, అదే కుండ, చివరకు అదే రసాయన మిశ్రమం. తేడా గరిటె ఎప్పుడు తిరిగిందన్నదే.

ఇక్కడ రుచి సిద్ధాంతం చాలదని ఒప్పుకోవాలి. అన్నీ కలిసిపోయిన తరువాత నాలుకకు ఈ రెండు కుండలకూ తేడా తెలియదు. ఒకసారి పాలూ మాంసమూ కలిసి పుట్టిన నిషేధం ఆ ముక్కకు కొత్త పుట్టుక. దాన్ని వెనక్కు విడదీసి లెక్కించడానికి లేదు. డగ్లస్ పక్షం వహించేవాళ్ళు ఇదిగో వర్గీకరణ అనవచ్చు. కొంత నిజమే. కాని వర్గం మారడానికి కూడా మొదటి గేటు రుచే. ముక్కలో అరవై రెట్లు ఉండి ఉంటే పుట్టుకే లేదు.

అరవైకి లొంగని వస్తువులు ఇంకా ఉన్నాయి. పాలను గడ్డకట్టించే పదార్థం వేయింటిలో ఒక పాలయినా రద్దుకాదు. మనకు దీన్ని వివరించనక్కరలేదు: కుండెడు పాలను పెరుగు చేసే తోడు ఎంతుంటుంది? మొత్తానికి రూపమిచ్చినదాన్ని లేదనలేము. అలాగే అతిథి ముందు గౌరవంగా పెట్టదగిన నిషిద్ధపు ముక్క ఇతర ముక్కల్లో కలిసిపోయి గుర్తుపట్టలేకపోయినా, వేయి ముక్కలలోనైనా అది రద్దుకాదు. ఒక ముక్కకు విలువ మర్యాదనుంచి రావడం నేను ఇంకెక్కడా చదవలేదు.

గరిటె సంగతి మరీ చిత్రం. పాలగరిటెను మరిగే మాంసపుకుండలో పెడితే, అది ఎంత పాలు పీల్చుకుని ఉందో తెలియదు కనుక, మునిగిన గరిటె భాగానికి అరవై రెట్లు చూస్తారు. కాని ఆ గరిటెతో వేడిపాలు కలిపి ఇరవైనాలుగు గంటలు దాటితే, లోపలి రుచి పాడైపోయినట్టే. కుండలో వంట తినవచ్చు. పాడు రుచి నిషేధించదు. దీని ఆధారం ద్వితీయోపదేశకాండంలో: దానంతట చచ్చిన పశువును నీవు తినక పరదేశికివ్వమన్న వాక్యం. పరదేశి కూడా తినలేనంత కుళ్ళితే అది నిషిద్ధ ఆహారమే కాదు, ఆహారమే కాదు కనుక. మేకపిల్లా తల్లిపాలూ వచ్చేది సరిగ్గా ఆ వచనం చివరనే. ఒకే వచనంలో నిషేధమూ, దాని సడలింపుకు బీజమూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇక రబ్బీ అడిగిన చివరి ప్రశ్న. అరవై రెట్లలో రద్దవుతుంది కదా అని కొద్దిపాలు కావాలని పోయవచ్చా? కూడదు. తెలిసి పోస్తే, పోసినవాడికీ, ఎవరికోసం పోశాడో వారికీ ఆ వంట నిషిద్ధం, ఇతరులు తినవచ్చు. పొరపాటున పడితే అందరికీ అనుమతే. రసాయనశాస్త్రానికి ఈ తేడా కనబడదు. ఆ రోజు నేను తొట్రుపాటుగా పోశాను కనుక ఆ సూప్ సూప్‌గా మిగిలింది. అనుమతి నిర్లక్ష్యానికి ఇచ్చిన బహుమానం కాదు, జరిగిపోయినదానికి ఇచ్చిన తీర్పు. మొదట ఏం చేయాలి, జరిగిపోయాక ఏం చేయాలి అనే రెండు ప్రశ్నలను ఈ స్మృతి ఎన్నడూ కలపదు.

ఇస్సర్లెస్‌ను కఠినుడని అంటారు, చాలాచోట్ల నిజం. వంటవాడి నాలుక మీద ఇప్పుడు ఆధారపడే అలవాటు మాకు లేదని, అన్నిటికీ అరవై చూస్తామని రాసినవాడు ఆయనే. ఆ ఒక్క వాక్యంతో ఆయన పాఠకుల ప్రపంచంలో ఇరుగుపొరుగు వంటవాడికి పని పోయింది. దాన్ని నేను నష్టంగానే చదువుతాను. కాని నష్టం భారీగా ఉన్నప్పుడు, మనిషి పేదవాడైనప్పుడు, విశ్రాంతిదినం ముంచుకొస్తున్నప్పుడు తాను సడలింపు వైపు మొగ్గుతానని చెప్పుకున్నదీ ఆయనే. కుండలో రెట్లతో పాటు కుండ ఎవరిదన్నది కూడా లెక్కకు వస్తుంది.

హులీన్ అదే అధ్యాయంలో యాల్తా అనే ఆమె ఉంది, పండితుడు నహ్మాన్ భార్య. తోరా నిషేధించిన ప్రతిదానికీ సాటిరుచి ఒకటి ఎక్కడో అనుమతించిందని జాబితా చెబుతుంది: రక్తానికి బదులు కాలేయం ఉంది, అలా ఎన్నో. మరి పాలతో మాంసం రుచి నాకు తెలియాలి, దానికేది అని భర్తను నిలదీస్తుంది. ఆయన వాదన పెట్టుకోలేదు. ఆవు పొదుగును చువ్వలకు గుచ్చి ఆమెకు కాల్చిపెట్టమని వంటవాళ్ళతో చెప్పాడు.